మా అంబాసిడర్‌లో టకటక: ఒక్క క్యామ్ లోబు దొరికేదాకా

మా బండి బోరుకొచ్చిందని, అంటే పిస్టన్లు ఆడే సిలిండరు గోడలు అరిగాయని, నలభై అయిదు వేలు దగ్గర పెట్టుకోమని మొదట చెప్పారు. తీరా చూస్తే బోరు నిక్షేపంలా ఉంది. అరిగింది వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ మీద ఎనిమిది లోబుల్లో (ఉబ్బెత్తు ముక్కుల్లో) ఒకటి, దానిమీద ఆని పైకీ కిందికీ ఆడే ట్యాపెట్టు ఒకటి. చప్పుడు మొదలైంది 2024 ఆగస్టులో, కారణం తేలింది నవంబరులో, బండి మళ్లీ రోడ్డెక్కింది సంక్రాంతికి. పాత అంబాసిడర్, అందులోనూ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌ది, ఇంకా వదలకుండా ఉంచుకున్నవాళ్లు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉన్నారు. హెడ్డు (ఇంజిన్ పైభాగం) విప్పుదాం అని ఎవరైనా అనేలోపు వాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

బండి 1986 మార్క్ 4, మా నాన్నగారు కొన్నది. నేను ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాను కాబట్టి ఏ బిల్లూ పారేసే అలవాటు లేదు. కింద చెప్పే తేదీలూ రూపాయలూ ఆ పుస్తకంలోంచే.

శ్రావణమాసంలో తెనాలిలో పెళ్లికి వెళ్లి వస్తుంటే మొదటిసారి వినిపించింది. రోడ్డు మీద ఉన్నంతసేపూ ఏమీ తెలియలేదు. వారధి ఎక్కాక, అద్దం దించి ఉంది కదా, పక్క పిట్టగోడకు తగిలి వెనక్కి వచ్చే చప్పుడులో సన్నగా టిక్కు టిక్కుమంటోంది. ఎక్సలేటరు తొక్కితే దాంతోపాటే పెరుగుతోంది. మా ఆవిడ "ఏవండీ, చక్రంలో రాయేదైనా ఇరుక్కుందేమో చూడండి" అంది. ఇంటికొచ్చి బండి నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచి బానెట్ ఎత్తాను. చక్రం కదలకపోయినా చప్పుడుంది, పైగా వాల్వులను నొక్కే రాకర్ల మీది మూత, రాకర్ కవరు, దగ్గర బాగా తెలుస్తోంది.

పటమటలో మాకు తెలిసిన మెకానిక్ కుర్రాడు ట్యాపెట్ సెట్టింగ్ చేశాడు, అంటే రాకరుకూ వాల్వుకూ మధ్య గ్యాపు సరిచేశాడు, 400 రూపాయలు. ఈ ఇంజిన్‌లో వాల్వులు రేడియేటరు వైపు నుంచి ఒకటి నుంచి ఎనిమిది. ఏ వాల్వు గ్యాపు సరిచేయాలన్నా ఆ నెంబరు తొమ్మిదిలోంచి తీసేయాలి, వచ్చిన నెంబరు వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉండాలి. నాలుగోది చేయాలంటే అయిదోది తెరిచి ఉండాలి, ఒకటోదానికి ఎనిమిదోది. గ్యాపు పదిహేను థౌ, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఏడు వాల్వులు అటూ ఇటూగా సరిపోయాయి. నాలుగోదాంట్లో మాత్రం దాదాపు ముప్పై థౌ వదులుంది. బిగించాడు, చప్పుడు ఆగింది. వారం తిరక్కుండానే మళ్లీ మొదలు. మళ్లీ చూస్తే మళ్లీ ఆ నాలుగోదే. "లాక్ నట్టు పట్టట్లేదు సార్" అని నట్టు మార్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

ఈలోపు సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. మా వీధికి నీళ్లు రాలేదు కానీ సింగ్‌నగర్, పాయకాపురం వైపు మునిగిన బండ్లన్నీ షెడ్లకు చేరాయి. ఊళ్లో ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా గుమ్మం దాకా బురద కొట్టిన స్కూటర్లు, సీట్లు ఊడదీసి ఎండబెట్టిన కార్లు. నీళ్లు తాగిన బండిని పక్కన పెట్టి నా టిక్కుటిక్కు చూడమని అడగడానికి నాకే మొహం చెల్లలేదు. అలా సెప్టెంబరు మూడో వారం దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఆగిన రోజుల్లో చప్పుడు ముదిరింది. దాంతోపాటు కొత్తది ఇంకోటి వచ్చింది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవరు మూడో గేరులో ఎక్కుతుంటే బండి వెనక్కి లాగినట్టయి, కార్బొరేటరు లోపల ఫట్ ఫట్‌మని పేలేది. నిలబడి ఉన్నప్పుడు మాత్రం బుద్ధిగానే ఉండేది. లోడు పడ్డప్పుడు, స్పీడు పెరిగినప్పుడు మాత్రమే ఇబ్బంది. మైలేజీ లీటరుకు పదకొండు నుంచి తొమ్మిదికి దిగింది. అప్పట్లో లీటరు నూట తొమ్మిది దాటిన పెట్రోలుతో ఇది చిన్న విషయం కాదు.

కార్బొరేటరులో పేలుతోంది కాబట్టి కార్బొరేటరే దోషి అన్నారు తర్వాత చూసినవాళ్లు. విప్పి కడిగారు, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు కొత్తవి వేశారు, మొత్తం 2,350. రవ్వంత తేడా లేదు. అప్పుడు ఆ షెడ్డు యజమాని పొడుగు స్క్రూడ్రైవరు బ్లాకుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని విని, ఇది పిస్టన్ చప్పుడు, బోరుకొచ్చింది అని తేల్చేశాడు. నలభై అయిదు వేల మాట అక్కడిది. బండి ఇక్కడే వదిలి వెళ్లండి, దసరాలోపు ఇచ్చేస్తాం అన్నాడు. ఆలోచించుకుని చెబుతానని బయటపడ్డాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నలభై అయిదు వేలు అంటే మా పిల్ల హాస్టలు ఫీజు. అమ్మేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. పాత ఇనుము కొనేవాళ్లు ఇచ్చే ధర తెలుసుకున్నాక ఆ ఆలోచన దానంతటదే పోయింది.

దసరా నవరాత్రులు మొదలయ్యే ముందు ఇంకో షెడ్డులో, సిలిండర్లలో గాలి ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూసే కంప్రెషన్ టెస్టు చేయించాను, 500 రూపాయలు. నాలుగు సిలిండర్లూ 120, 130 పీఎస్‌ఐ మధ్యే చూపించాయి, ఒకదానికీ ఇంకోదానికీ పెద్ద తేడా లేదు. బోరు పోయిన ఇంజిన్ ఇలా చూపించదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఇక్కడే ఒక చిక్కుంది, ఇది నాకు తర్వాత తెలిసింది. క్యామ్ లోబు అరిగినా కంప్రెషన్ బాగానే చూపిస్తుంది. ఎందుకంటే ఆ టెస్టు చూసేది వాల్వు మూసుకున్నప్పుడు గాలి నిలుస్తోందా లేదా అని. మా వాల్వు చక్కగా మూసుకుంటోంది, తెరుచుకోవాల్సినంత తెరుచుకోవడం లేదు, అంతే. కంప్రెషన్ బాగుంది కాబట్టి ఇంజిన్ లోపల ఏమీ లేదు అనుకుంటే అది సగం నిజం.

రెండో షెడ్డువాళ్లు ఆ సగం నిజం మీదే నడిచారు. లోపల ఏమీ లేదు కాబట్టి పైన ఉన్న రాకర్ షాఫ్టే అరిగి ఉంటుందన్నారు. ఈ ఇంజిన్లలో రాకర్ షాఫ్టు అడుగువైపు అరగడం మామూలే, ఆ మాట తప్పు కాదు. తీసి చూపించారు కూడా, వేలితో తడిమితే గాడి తెలుస్తోంది. షాఫ్టు, బుష్షులు, కూలీ కలిపి 3,800. చప్పుడు సగానికి సగం తగ్గింది. విజయదశమికి ఇంద్రకీలాద్రి కింద బండికి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. దీపావళికి ముందే ఫట్ ఫట్ మళ్లీ వచ్చింది. దానితోపాటు హెడ్డుకూ బ్లాకుకూ మధ్య నీటి చెమ్మ.

ఆ చెమ్మ ఎందుకొచ్చిందో చెప్పాలి, చాలామందికి దీని సంగతి తెలియదు. ఈ ఇంజిన్‌లో రాకర్ షాఫ్టును పట్టే నట్లలో నాలుగు హెడ్డును కూడా పట్టి ఉంచుతాయి. రాకర్ షాఫ్టు తీయాలంటే ముందు రేడియేటరు నీళ్లు వదిలేసి, హెడ్డు నట్లన్నీ వరసప్రకారం కొద్దికొద్దిగా వదులు చేసి, మళ్లీ బిగింపు కొలిచే టార్క్ రెంచితో అదే వరసలో బిగించాలి. షాఫ్టు నట్లు మాత్రమే విప్పి బిగిస్తే హెడ్డు ఒకవైపు లేచి, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గాస్కెట్టు చెడుతుంది. మీ బండికి ఎవరైనా రాకర్ షాఫ్టు మారుస్తానంటే నీళ్లు వదులుతున్నాడా లేదా చూడండి. వదలకపోతే అక్కడే ఆపండి.

కార్తీకమాసం మొదట్లో మా ఆఫీసు డ్రైవరొకాయన జవహర్ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి ఉన్నారని చెప్పాడు. షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు, ఆయన లారీ ఇంజిన్లు మానేసి చాలాకాలమైంది, అంబాసిడర్ అంటే మాత్రం లేచి వస్తారట. వెళ్లాను. డెబ్బై దాటి ఉంటాయి. బండి చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న: "గ్యాపు పెరిగేది ఎప్పుడూ ఒకే వాల్వుకేనా బాబూ?" అవునన్నాను. రెండో ప్రశ్న: "ఎక్కేటప్పుడే పేలుతోందా, నిలబెట్టినప్పుడు కూడానా?" ఎక్కేటప్పుడే అన్నాను. సరే, రేపు ఇంజిన్ చల్లగా ఉండగా తీసుకురండి అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన చేసిన పని నేను ఎక్కడా చూడలేదు. ప్లగ్గులో స్పార్కు వచ్చినప్పుడల్లా వెలిగే టైమింగ్ లైటు ఒకటో ప్లగ్గు వైరుకు తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేయించారు. లైటు వెలుతురు గోడ మీద పడేలా పెట్టి, కళ్లతో వెలుగు చూస్తూ చెవితో చప్పుడు విన్నారు. నన్నూ వినమన్నారు. ఒకటో ప్లగ్గులో స్పార్కు క్రాంకు (పిస్టన్లు తిప్పే కడ్డీ) రెండు చుట్లు తిరిగితే ఒకసారి వస్తుంది. క్యామ్ కూడా క్రాంకు రెండు చుట్లకు ఒక చుట్టే తిరుగుతుంది. కాబట్టి ఒక వెలుగుకు ఒక టిక్కు అయితే అది క్యామ్ వైపు సంగతి. ఒక వెలుగుకు రెండు చప్పుళ్లయితే క్రాంకు వైపు చూసుకోవాలి, అంటే బేరింగు, పిస్టన్ లాంటివి. మాది ఒక వెలుగుకు కచ్చితంగా ఒక టిక్కు. పిస్టన్ చప్పుడన్న మాట అక్కడికక్కడే కొట్టుకుపోయింది. దీనికి పట్టింది అయిదు నిమిషాలు, విప్పింది ఒక్క బోల్టు కూడా లేదు.

తర్వాత ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశారు. ఒకటి, మూడు, నాలుగు పీకితే ఇంజిన్ బాగా దిగిపోతోంది. రెండోది పీకితే అంతగా తేడా లేదు. నాలుగో వాల్వు అంటే రెండో సిలిండరు ఎగ్జాస్టు, కాలిన పొగ బయటికి పోయే వాల్వు. ముందు షెడ్లవాళ్లు తికమక పడటానికి ఒక కారణం కూడా చెప్పారు. ఈ హెడ్డులో నాలుగు సిలిండర్లకు కలిపి గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే దారులు రెండే. ఒకటి, రెండు సిలిండర్లకు ఒకే దారి. రెండోదాంట్లో కాలిన పొగ ఎగ్జాస్టులోంచి పూర్తిగా పోక, ఇన్‌లెట్ తెరుచుకోగానే ఆ దారిలోకి తన్నుతోంది. అందుకే పేలేది కార్బొరేటరులో. కార్బొరేటరును ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఏం లాభం.

ఇక అసలు కొలత. రాకర్ కవరు తీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, ఎనిమిది వాల్వులకూ గ్యాపు ఒక్కలాగే పదిహేను థౌకు తెచ్చారు. అయస్కాంతం స్టాండు ఉన్న డయల్ గేజి హెడ్డు మీద నిలబెట్టారు. హెడ్డు పోత ఇనుము కాబట్టి స్టాండు అతుక్కుంటుంది, కొత్త కార్ల అల్యూమినియం హెడ్డు మీద అయితే అతుక్కోదు. గేజి సూది వాల్వు స్ప్రింగు టోపీ మీద ఆనించి, బంపరులోంచి స్టార్టింగ్ హ్యాండిలు పెట్టి నన్ను నెమ్మదిగా తిప్పమన్నారు. ప్లగ్గులు లేవు కాబట్టి తేలిగ్గానే తిరిగింది. ఒక్కో వాల్వు ఎంత దిగుతోందో కొడుకు కాగితం మీద రాశాడు. ఎగ్జాస్టులు ఒకటి, నాలుగు, అయిదు, ఎనిమిది. మిగతావి ఇన్‌లెట్లు. ఏడు వాల్వుల లెక్క మిల్లీమీటరులో పదోవంతు, రెండు వంతుల తేడాతో ఒకేలా వచ్చింది. నాలుగోది వాటికంటే రెండు మిల్లీమీటర్లకు పైగా తక్కువ. మళ్లీ తిప్పి చూశారు, అదే.

"ఫీలర్ గేజి చూసేది లోబు వీపు బాబూ, ముక్కు కాదు" అన్నారు. ఫీలర్ గేజి అంటే గ్యాపు కొలిచే పల్చటి రేకు. గ్యాపు సెట్ చేసేటప్పుడు ట్యాపెట్టు లోబు గుండ్రటి వైపు మీద ఉంటుంది. ఎత్తుగా ఉండాల్సిన ముక్కు అరిగిపోయినా ఆ గ్యాపులో కనపడదు. మరి గ్యాపు ఎందుకు పెరుగుతోందంటే ట్యాపెట్టు మొహం కూడా లోపలికి తినేసి ఉంటుంది కాబట్టి. అది కూడా కళ్లతో చూద్దామన్నారు.

ఇంజిన్ విప్పాలేమోనని గుండె జారింది. అక్కర్లేదట. ఈ ఇంజిన్ బ్లాకు పక్కన, గాలి, పొగ గొట్టాలుండే మేనిఫోల్డు కింద, రెండు రేకు కవర్లుంటాయి. అవి తీస్తే ట్యాపెట్లు కనిపిస్తాయి, చేత్తో బయటికి తీయొచ్చు. మేనిఫోల్డు విప్పడానికే గంటన్నర పట్టింది, ఒక స్టడ్డు తుప్పుపట్టి మొరాయించింది. నాలుగో వాల్వు అడ్జస్టింగ్ స్క్రూ బాగా వదులు చేసి, రాకరును స్ప్రింగు మీదికి పక్కకు జరిపి, ట్యాపెట్టుకూ రాకరుకూ మధ్య ఉండే పుష్‌రాడ్డు పైకి లాగారు. రాకర్ షాఫ్టును ముట్టుకోలేదు. కవరులోంచి ట్యాపెట్టు తీసి నా అరచేతిలో పెట్టారు. కింది మొహం నున్నగా, రవ్వంత ఉబ్బుగా ఉండాలి. ఇది సాసరులా గుంట పడింది, అంచున పెచ్చు లేచింది. పక్క ట్యాపెట్టు తీసి చూస్తే దాని మొహం మీద మధ్యనుంచి గుండ్రంగా తిరిగిన సన్నటి గీతలున్నాయి. అవి ఆరోగ్యానికి గుర్తట. ట్యాపెట్టు పైకీ కిందికీ ఆడుతూ తన చుట్టూ తాను తిరుగుతూ కూడా ఉండాలి. ఏదో ఒకరోజు తిరగడం ఆగిపోతే లోబు ఒకేచోట గీకుతుంది, అక్కడినుంచి రెండూ ఒకదాన్నొకటి తినేసుకుంటాయి. ఆ కంతలోంచి టార్చి వేసి లోబు కూడా చూపించారు. ముక్కు మొద్దుబారి, మీద నిలువు గీతలు.

ఇంత జరిగాక పాత ఆయిల్ ఫిల్టరు కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో పరిచి, అడుగున అయస్కాంతం జరిపారు. బూడిదరంగు పొడి దానివెంట కదిలింది. మొత్తం పరీక్షకు ఆయన తీసుకున్నది 1,500. మొదటే ఈయన దగ్గరికి వచ్చి ఉంటే ముందు షెడ్లలో పోసిన 7,050 మిగిలేది. ఆ 7,050లో కొత్త రాకర్ షాఫ్టు మాత్రం వృథా కాలేదు, అది బండికి అవసరమే.

ఎందుకరిగింది అన్నదానికి మాత్రం ఒక్క జవాబు లేదు. ఆయిలే అన్నారు మేస్త్రి కొడుకు. అంతకుముందు సర్వీసు చేసిన చోట డ్రమ్ములో ఉన్న 5డబ్ల్యూ30 అనే పల్చటి ఆయిలు పోశారని నా బిల్లులో ఉంది. చాలా కొత్త ఇంజిన్లలో రాకరుకు రోలరు ఉంటుంది, అది లోబు మీద దొర్లుతుంది. మన పాత ఇంజిన్‌లో ట్యాపెట్టు లోబు మీద రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడిని ఓర్చుకునేలా ఆయిల్లో జింక్, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే మందు కలుపుతారు. ఫాస్ఫరస్ పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరును పాడు చేస్తుందని, 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌ఎం ఆయిలు తరగతి నుంచి 5డబ్ల్యూ30 లాంటి పల్చటి గ్రేడుల్లో అది 0.08 శాతం దాటకూడదన్నారు. చిక్కటి 20డబ్ల్యూ50కి ఆ పరిమితి లేదు. పెద్ద మేస్త్రి మాత్రం ఆయిలొక్కటే కాదన్నారు. ఆయన ఉద్దేశంలో నెలల తరబడి నిలిపి ఉంచి, స్టార్ట్ చేసి, కదపకుండా అరగంట ఐడిల్లో ఉంచడం ఇంకా చెడ్డది. ఈ క్యామ్‌కు ఆయిలు ఎక్కువగా క్రాంకు తిరిగేటప్పుడు చిమ్మేదే, ఐడిల్లో ఆ చిమ్ము తక్కువ. కరోనా రోజుల్లో మా బండి, ఊళ్లో చాలా బండ్లలాగే, బ్యాటరీ దిగిపోకుండా రోజు విడిచి రోజు అలాగే నడిచింది. నాకైతే ఆయన మాటే ఎక్కువ సబబుగా తోచింది, ఎందుకంటే ఆయిలే కారణమైతే ఎనిమిది లోబులూ ఎంతోకొంత అరగాలి కదా. అయినా ఆయిలు మాత్రం మార్చేశాను.

ఇక క్యామ్ వేట. ఆటోనగర్‌లో లోబుకు మెటల్ పోసి గ్రైండింగ్ చేస్తామన్నారు, చవకే. మేస్త్రి వద్దన్నారు. లోబు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, గ్రైండింగ్‌లో ఆ పొర పోతే మళ్లీ ఇదే కథ. పాత ఇనుము దుకాణాల్లో విప్పిన ఇంజిన్ల క్యామ్‌లు దొరికాయి, ఒక్కోటి తీసుకుని లోబు ముక్కు మీద గోరుతో గీస్తే గరుకు తెలిసేది, అవీ అరిగినవే. కొత్తది కావాలంటే కోల్‌కతానే దిక్కన్నారు. అంబాసిడర్ తయారైన ఉత్తర్‌పారా ఆ పక్కనే, అక్కడ 2014 మేలో ఫ్యాక్టరీ ఆగినా టాక్సీల కోసం సామాన్ల వ్యాపారం నడుస్తూనే ఉంది. ట్రాన్స్‌పోర్టు ఉద్యోగం ఇక్కడ పనికొచ్చింది. కైకలూరు వైపు నుంచి చేపలు హౌరాకు దించి వచ్చే లారీ డ్రైవరొకరు మల్లిక్ బజార్‌లో వెతికి, గ్రీజు కాగితంలో చుట్టిన కొత్త క్యామ్ 7,500కు, ట్యాపెట్ల సెట్టు 3,200కు తెచ్చాడు. టీ ఖర్చులకు 300 ఇచ్చాను. ఇది డిసెంబరు రెండో వారం. చెప్పినప్పటి నుంచి చేతికి రావడానికి మూడు వారాల పైనే అయింది. డబ్బా కాస్త చేపల వాసన వచ్చింది, మా ఆవిడ ఇంట్లోకి రానివ్వలేదు.

వచ్చాక కూడా నేరుగా బిగించలేదు. మైక్రోమీటరుతో ఎనిమిది లోబులూ, బేరింగుల్లో తిరిగే మూడు జర్నళ్లూ కొలిచారు. ట్యాపెట్లు మొహాలు ఒకదానికొకటి ఆనించి వెలుతురుకు ఎత్తి చూశారు. రెండూ మధ్యలో ఆని అంచుల దగ్గర సన్నటి వెలుగు కనిపించాలి, అంటే మొహం ఉబ్బుగా ఉందన్నమాట. ఏడు పాత ట్యాపెట్లు బాగానే ఉన్నాయి కదా, ఒక్కటే కొత్తది వేస్తే చాలదా అని అడిగాను. కొత్త క్యామ్ మీద పాత ట్యాపెట్టు ఒక్కటి వేసినా ఆ లోబును వందల కిలోమీటర్లలోనే తినేస్తుందట. ఎనిమిదీ కొత్తవే.

క్యామ్ ముందునుంచి లాగాలంటే రేడియేటరు, టైమింగ్ కవరు, చైను, డిస్ట్రిబ్యూటరు డ్రైవు, సంపు, ఆయిల్ పంపు అన్నీ దిగాలి. బండిలో ఉంచి చేయొచ్చు కానీ నడుం పడిపోతుందని, ఎటూ గాస్కెట్టు కారుతోందని ఇంజిన్ గొలుసుకు వేలాడదీసి దించేశారు. క్రిస్మస్ అయిన వారం పని మొదలైంది. క్యామ్ బేరింగులు బాగున్నాయి. టైమింగ్ చైను సాగిందని 1,100కు కొత్తది. గాస్కెట్లు 1,450. కూలీ 9,000. బోరు కొలిచి మరీ చూపించారు, నలభై అయిదు వేల మాట గుర్తుపెట్టుకున్నారు కాబోలు. సిలిండరు గోడల మీద, బోరు చేసినప్పటి హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి, అంటే గోడలు అరగలేదు.

అందరికీ చెప్పాల్సింది మొదటి స్టార్టు గురించి. కొత్త క్యామ్ బతుకు మొదటి ఇరవై నిమిషాల మీద ఆధారపడి ఉంటుంది. లోబులకూ ట్యాపెట్ల మొహాలకూ మాలిబ్డినం పేస్టు దట్టంగా పూశారు, డబ్బా 350. స్టార్టరు ఎక్కువసేపు తిప్పితే ఆ పేస్టు చెదిరిపోతుంది కాబట్టి టైమింగ్ ముందే చేత్తో సరిగ్గా పెట్టుకున్నారు, కార్బొరేటరులో పెట్రోలు నింపుకున్నారు. తాళం తిప్పగానే అంటుకోవాలి. అంటుకున్నాక ఐడిల్లో ఒక్క క్షణం ఉంచకూడదు, వెంటనే రెండు వేల ఆర్‌పీఎంకు తీసుకెళ్లి, అటూ ఇటూగా మారుస్తూ ఇరవై నిమిషాలు అలాగే పట్టాలి. అంబాసిడర్‌కు ఆర్‌పీఎం మీటరు ఉండదు, మేస్త్రి తన చేతి మీటరు తగిలించారు. జనవరి 8, మధ్యాహ్నం. కొత్త పెయింటు, గ్రీజు కాలి పొగ లేచింది. పక్క షెడ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. కొడుకు రేడియేటరు ముందు నీళ్ల పైపు పట్టుకుని, ఆయన ఎక్సలేటరు లింకు చేత్తో పట్టుకుని, నేను ఆయిల్ ప్రెషరు గేజి మీంచి కన్ను తీయకుండా. పన్నెండో నిమిషంలో రేడియేటరు గొట్టం క్లిప్పు దగ్గర నీళ్లు చిమ్మాయి. ఆపేద్దామా అన్నాను. "ఆపొద్దు, పట్టు బిగించు" అని కొడుకును అరిచారు. ఆ ఎనిమిది నిమిషాలు నాకు సినిమా అంత పొడుగ్గా అనిపించాయి. ఆపగానే ఆయిలు వదిలేశారు. నల్లటి పేస్టు కలిసి, ఎండలో మిలమిలలాడింది. మొదటిసారి అంతేనట, భయపడక్కర్లేదు. మళ్లీ కొత్త 20డబ్ల్యూ50, రెండుసార్లకూ కలిపి ఆయిలు 2,800.

పరీక్ష నుంచి ఇక్కడిదాకా 27,200. ముందు షెడ్లలో పోయినవి కలుపుకుంటే 34,250.

భోగి ముందురోజు బండి ఇంటికొచ్చింది. వారధి మీద అద్దం దించి కావాలనే పిట్టగోడ పక్కనుంచి పోనిచ్చాను. కొంచెం చప్పుడుంది, అన్నీ సమానంగా ఉన్న చప్పుడు. ఈ ఇంజిన్‌కు గ్యాపులుంటాయి కాబట్టి మౌనంగా ఉండదు, ఉంటేనే అనుమానించాలి అన్నారు మేస్త్రి. గ్యాపు మరీ బిగుతైతే ఎగ్జాస్టు వాల్వు కాలిపోతుంది.

అయిదు వందల కిలోమీటర్లు అయ్యాక, రథసప్తమి వెళ్లిన మర్నాడు, హెడ్డు మళ్లీ టార్కు చేసి గ్యాపులు చూశారు. ఆరింటికి కొద్దిగా సవరణ కావాల్సి వచ్చింది. నాలుగోది పదిహేను థౌ మీదే ఉంది. ఫ్లైఓవరు మూడో గేరులో ఎక్కుతోంది, మైలేజీ మళ్లీ పదకొండు దగ్గరికి వచ్చింది.

ఒక్కటి మిగిలింది. బ్లాకు పక్క కవర్లలో వెనకదాని కార్కు గాస్కెట్టు నుంచి ఆయిలు చుక్కలు పడుతోంది. ఈ ఇంజిన్‌కు ఇది పాత జబ్బే. నట్టు బిగిస్తే రేకు వంగి ఇంకా ఎక్కువ కారుతుంది, కాబట్టి బిగించొద్దని గట్టిగా చెప్పారు. కొత్త కార్కు 120 రూపాయలే, కానీ అది వేయడానికి మేనిఫోల్డు మళ్లీ విప్పాలి. ఉగాది దాటాక తీరికగా చూద్దామన్నారు. అప్పటిదాకా కింద అట్టముక్క పెట్టి, వారానికోసారి డిప్ స్టిక్ చూసుకుంటున్నాను.